వికలాంగుల యుపకరణములు – శిల్పుల కర్తవ్యము



ఈ వార్షిక మహాసభయందు కొంతసేపు ప్రసంగింపుడని కార్యనిర్వాహకవర్గమువారు మమ్ము గోరినప్పుడు "విశ్వకర్మ వంశప్రశస్తి" యను విషయమును గూడ వారే సూచించిరి. ఆ విషయముపై మేము లోగడ పెక్కు సభలయందు మాటలాడియుంటిమి. మనువు, మయుడు, త్వష్ట, శిల్పి, విశ్వజ్ఞుడు అను నేవురును, వారివలన వెలసిన కమ్మరము, వడ్రంగము, కంచుపని, రాతిపని, బంగారుపని యను నైదు వృత్తులును మన పిల్లలకు సయితము కంఠస్థములే. కావున ఆ ప్రశస్తిని ఈయేటికి ప్రక్కనుంచి, మా వీధిలోనుండిన యొక బండినిగూర్చి మాటలాడుటకు మీ యనుజ్ఞ వేడుచున్నాము. ఆ బండి మా వీధికి వచ్చినది ఈ వేదికమీదనుండియే.

క్రిందటి మహాసభలో మన సంఘము 20 మూడుచక్రముల బండ్లను వికలాంగులకు పంచిపెట్టిన సంగతి మీరెరుగుదురు. చేతులతో పిడి త్రిప్పి నడుపుకొను బండ్లవి. 20 బండ్లును ఒక్క కొలతవే, ఒక్క రంగువే. వరుసగా నిలిపి తీయించిన ఛాయాచిత్రము ఆనాటి సంచికలో అందముగా నచ్చుపడినది. వానిలో నొకటి బోరబండ సైట్-3లో మా యింటికి నాలుగిండ్ల యవతలనున్న యొక యువకునకు లభించినది. అతనికి 23 ఏండ్లు. శైశవమున మెదడునకు గలిగిన దెబ్బవలన సంభవించు సెరిబ్రల్ పాల్సీ యను స్థితి యతనిది. చేయి చాపవలెనన్న నది వేరొక దిక్కునకు పోవును. కదలక యుండవలెనన్న నప్పుడే కదలును. మాట పెగలును గాని, యా మాట తల్లికి దప్ప నితరులకు బోధపడదు. బుద్ధికి మాత్రము ఏ లోపమును లేదు. ఆ బండిని నడుపుటకు బలమైన భుజములు, పట్టుగల చేతులు, నిలుకడగల నడుము కావలెను. ఆ మూడును లేకపోవుటయే గదా యతని వైకల్యము!

పోనిండు, చేతులు బాగుగనే యున్నవనుకొందము. బోరబండ పేరులోనే బండ యున్నది. ఎం.ఎం.టి.ఎస్. స్టేషనునుండి మా వీధికి నడచి వచ్చినవారికి ఆ యెత్తుపల్లములు వేరుగా వర్ణింప నక్కరలేదు. చేతితో త్రిప్పు బండిని బలిష్ఠుడైనవాడును ఆ వాలున నెక్కింపజాలడు. దిగునప్పుడు బండియే వానిని దింపును. ఆ బండి వారి గుమ్మమునొద్దనే నిలిచియుండెను. వానకాలమున దానిపై బట్ట లారవేసిరి. ఎండకాలమున వడియముల పళ్ళెరము పెట్టిరి. "వద్దని అప్పుడే చెప్పలేకపోయితివా యమ్మా?" యని తల్లి నడిగితిమి. "వద్దంటే మళ్ళీ పిలవరేమోనని భయపడ్డాను మాస్టారూ" అని యామె యనెను.

ఈ మాట చెప్పుటవలన దాతల మనస్సు నొచ్చునని యెరుగుదుము. ఆ దాతలలో మేమును నొకరము. మా చందాయు ఆ పట్టికలో నున్నది, మా తలయు ఆ ఛాయాచిత్రమున రెండవ వరుసలో నున్నది.

బంజారాహిల్సులోని ఎల్.వి. ప్రసాద్ కంటి వైద్యసంస్థను మీలో పెక్కుమంది చూచియుందురు. చలనచిత్రరంగమున పేరొందిన ప్రసాద్‌గారి కుటుంబమువారు భూమిని, ధనమును నొసంగుటచే, డాక్టరు గుళ్ళపల్లి నాగేశ్వరరావుగారు దానిని 1987లో నెలకొల్పిరి. ఆ దాత కళ్ళజోళ్ళు కొని పంచినవాడు కాడు. ప్రతి కన్నును వేరువేరుగా పరీక్షించి చూడగల యొక చోటును గల్పించినవాడు. మన సంఘము ఒక్క శక్తిగల అద్దములతో 20 కళ్ళజోళ్ళు కొని, కంటిపరీక్ష లేకయే పంచినచో జనులు నవ్వరా? కంటివిషయమున నవ్వు వచ్చునది కాలిచేతుల విషయమున ఏల రాదో మాకు దెలియదు.

ఇక ఆ యువకుని కోరికను విన్నవించెదము. అతడు బండి నెన్నడును అడుగలేదు. మేము పదవీవిరమణానంతరము సాయంకాలములందు వారింటికి పోయి చదువు చెప్పనారంభించితిమి. చెప్పవలసినది స్వల్పమే యని మొదటివారముననే తెలిసినది. ఎదుటిగోడపై నంటించు సినిమా ప్రకటనలను చూచి చూచి యతడు అక్షరములను తానే నేర్చియుండెను. రెండు కాగితములపై రెండు మాటలు వ్రాసి చూపినచో సరియైనదానివంక చూచును. కన్నులు పైకెత్తుట 'అవును', మూయుట 'కాదు'. అక్షరములను మేము వరుసగా చదువుచుండగా, తనకు గావలసిన యక్షరమునొద్ద కన్ను లెత్తును. ఇట్లు కూర్చికొని యతడు మాటలాడుచుండెను.

దీనిలో నొక చిక్కు గలదు. ఒకనాడతడు 'చె' యను నక్షరమును సూచించెను. తల్లి వెంటనే "చెమట పడుతోందా నాయనా?" యని ఫంకా వేసెను. అతడు కన్నులు మూసెను. "చెవి నొప్పా?" యని యామె చెవి చూచెను. అతడు చెప్పదలచినది 'చెల్లి'. హాస్టలులో జదువుచున్న చెల్లెలినిగూర్చి యడుగుట కతనికి పావుగంట పట్టెను. తల్లి ప్రేమలో లోపము లేదు. కాని యూహించినవారి మాటయే యతని మాటగా చెల్లుచుండెను. 23 సంవత్సరములుగా అతని నోటినుండి వచ్చిన వాక్యములలో సగము పరుల వాక్యములే. తన వాక్యమును తానే, ఎవరును నడుమ దూరకుండ, చివరిదాక చెప్పవలెనని యతని కోరిక. అష్టావక్రుని యెనిమిది వంకరలను జూచి జనకుని సభ నవ్విన కథను మేము బడిలో ఎన్నిసార్లో చెప్పితిమి. అష్టావక్రునకు నోరుండెనన్న సంగతి మాకప్పుడు తోచలేదు.

ఇట్టివారికై పాశ్చాత్యులు చేసిన యత్నములు స్వల్పములు కావు. ఇంగ్లాండులో స్టోక్ మాండవిల్ అను చికిత్సాలయము గలదు. 1960 ప్రాంతమున రెజ్ మేలింగ్ అను నాతడు అచ్చటి రోగులను పరామర్శింప బోయెడివాడు. మెడ క్రింద చచ్చుబడిన రోగికి, పిలుపునకై యొక గంట దప్ప మరే సాధనమును లేకుండుట చూచి, ఊదుటచేతను పీల్చుటచేతను నడచు నొక యంత్రమును గల్పించెను. గొట్టములో నూదినచో దీపము వెలుగును, టైపుయంత్రము కదలును. దానికి 'పోసమ్' అని పేరిడిరి. ఆంగ్లమున అది కొన్ని మాటల మొదటి యక్షరముల కూర్పు. లాటిన్ భాషలో మాత్రము ఆ పదమునకు మన సంస్కృతమందలి 'శక్నోమి' యని యర్థము. నేను చేయగలను! ఇంతకంటె మంచిపేరు మాకు గనబడలేదు.

స్టీఫెన్ హాకింగ్ అను భౌతికశాస్త్రవేత్త పేరు మీరు వినియుందురు. 1985లో ఆయన కంఠమునకు శస్త్రచికిత్స జరిగి మాట పోయెను. తొలుత చేతిమీటతో తెరపైని మాటల నేరుకొనెడివాడు. చేయి బలహీనమైన పిదప, కళ్ళజోటికి దగిలించిన యొక చిన్న పరికరము ఆయన చెంప కదలికను కనిపెట్టి మీట పనిచేసెను. 2018లో మరణించువరకు ఆయన గ్రంథరచనయు నుపన్యాసములును అట్లే సాగినవి. ఆయనకై ఇంటెల్ సంస్థవారు చేసిన వ్రాతసాధనమును 2015లో లోకమున కెల్ల ఉచితముగా విడిచిరి. గమనింపుడు: శరీరము మారినకొలది మీటయు మారినది. చేతినుండి చెంపకు వచ్చినది. మనుష్యుడు యంత్రమువెంట పోలేదు. యంత్రమే మనుష్యుని వెంట నడచినది.

నేడు ఇట్టి సౌకర్యము మన జేబులోని ఫోనునందును గలదు. ఐఫోనులో 2013నుండి, ఆ తరువాత ఆండ్రాయిడు ఫోనులలోను, తెరమీది గడులు ఒకటి వెంట నొకటి వెలుగుచుండగా ఒక్క మీట నొక్కి కావలసినదాని నేరుకొను నేర్పాటు పొందుపరుపబడినది. తెలుగున మాటలాడినచో అక్షరములుగా వ్రాయు పద్ధతిని గూగుల్‌వారు 2017లో దెచ్చిరి. అది మాట స్పష్టముగా నున్నవారికి వరమే. మా యువకునివంటివారికి నిష్ప్రయోజనము. ఇన్ని గలవు. ఐనను వానికిని ఆ యువకునికిని నడుమ ఒక జానెడు దూరము మిగిలియున్నది. ఆ మీట నెచ్చట పెట్టవలెను? అతని శరీరమున ఏ భాగము చెప్పినట్లు వినును? ఈ ప్రశ్నకు సమాధానము ఇంగ్లాండున లేదు, అమెరికాలో లేదు. సైట్-3లోని యా యింటియందే వెదకవలెను.

అతని తండ్రి వడ్రంగి. ఫిల్మ్‌నగరు, జూబిలీహిల్సు ప్రాంతములందలి స్టూడియోలలో 30 ఏండ్లుగా సెట్లు కట్టుచున్నాడు. రాత్రికి రాత్రి రాజభవనము లేపి, మూడవనాడు విప్పి పేర్చు నేర్పరి. వావికి మాకు బావమరది వరుస. "బావగారూ, అబ్బాయి కూర్చునే పీట ముందు సరిచేయాలి" యని మేమనగా, అతడు కొంతసేపు మాటలాడలేదు. పిదప "రాజుగారి సింహాసనానికి హీరోగారి కొలత తీసుకున్నాను. నా కొడుకు నడుము ఎంతో నాకు తెలియదు బావగారూ" అని యనెను. ఇట్టి వస్తువులు ఆసుపత్రినుండియో ప్రభుత్వమునుండియో రావలెననియే యతడు తలంచుచుండెను. తన చేతనున్న కొలబద్ద యిందుకు బనికివచ్చునని యతనికి దోచలేదు.

మన శాస్త్రములు కొలతనుగూర్చి ఏమి చెప్పినవో యిచ్చట జ్ఞప్తికి దెచ్చుకొందము. శిల్పశాస్త్రములయందు అంగుళము ఒక్కటి కాదు. యవగింజలచే నేర్పడు మానాంగుళము వేరు. మనుష్యుని నడిమివ్రేలి నడిమికణుపుచే నేర్పడు మాత్రాంగుళము వేరు. అగ్నిచయనమున చితికి కొలత, యజమానుడు చేతులెత్తి నిలిచినప్పటి యెత్తు. పొడగరికి నొక చితి, పొట్టివానికి నొక చితి. వస్తువు ఎవరికొరకో వారి దేహమే కొలబద్ద యని దీని భావము. ఋగ్వేదమున అశ్వినీదేవతలు విశ్పలకు ఇనుపకాలు అమర్చిన కథను మన వక్తలు ప్రతి సభయందును జెప్పుదురు, మేమును జెప్పితిమి. ఆ కాలు ఆమె కొలతకే చేసియుందురు. లేనియెడల ఆమె మరల రణమునకు పోగలుగునది కాదు.

పీటపని మేము తలంచినంత సులభము కాలేదు. తండ్రి మంచి టేకుతో చేసిన మొదటి పీట లోతు హెచ్చైనది. రెండుదినములలో మోకాళ్ళవెనుక చర్మమొరసికొని పుండుపడెను. తప్పు మాది, తొందరపెట్టినవారము మేము. అప్పుడొక ఆక్యుపేషనల్ థెరపిస్టును, అనగా దేహస్థితికి దైనందిన కార్యములకు పొత్తు కుదుర్చు వైద్యసహాయకురాలిని, ఇంటికి బిలిపించితిమి. పీట యంచునకును మోకాలి వెనుకభాగమునకును నడుమ రెండు వ్రేళ్ళ సందు ఉండవలెననియు, తుంటి, మోకాలు, చీలమండ మూడును లంబకోణమున నిలువవలెననియు, పాదములక్రింద పలక లేనియెడల నడుము నిలువదనియు ఆమె తెలిపెను. నడుమునకు పట్టీ కట్టించెను. నడుము స్థిరపడినంతనే చేతుల యెగురుట చాలవరకు తగ్గినది! పునాది కదలుచున్నప్పుడు పై కప్పు నేల కదలకుండునని తండ్రి తనలో తాననుకొనెను. మీట మాట యెత్తుటకు ముందు పీట కుదురవలెనను సంగతి మాకంటె అతడే చక్కగా గ్రహించెను.

ఇక మీట. మొదట కుడిచేతిక్రింద పెట్టి చూచితిమి. నొక్కవలెనని యనుకొన్నంతనే చేయి బిగిసికొనిపోయెను. విడువవలెనన్నప్పుడు నాలుగుమార్లు నొక్కెను. తలప్రక్కన పెట్టితిమి. ఎవరైన లోనికి వచ్చినచో అటు తల త్రిప్పును, మీట మ్రోగును. అందరివలె అతనికిని మనుష్యుల ముఖములు చూడవలెనని యుండును గదా! వారము దినములు ఇట్లు గడచిన పిదప తల్లియే కనిపెట్టెను: పాట నచ్చినప్పుడతడు ఎడమమోకాలిని ప్రక్కకు నెట్టును, అది తప్పదు, తడబడదు. ఆ మోకాలిప్రక్కన దొప్పవలె చెక్కిన కొయ్యముక్కను పెట్టి, దానికి స్పాంజి యంటించి, వెనుక పాడైన మౌసునుండి తీసిన చిన్నమీట నమర్చితిరి. మౌసు ఎడమబొత్తామునకు రెండు తీగలను సోల్డరు చేసి కంప్యూటరునకు గలిపిరి. కొయ్య సెట్టులో మిగిలినది. ఖర్చు 300 రూపాయలు దాటలేదు. తీగలో ప్రవహించు విద్యుత్తు 5 వోల్టులు మాత్రమే కనుక ప్రమాదశంక లేదు. ఇట్టి మీటలు విదేశములనుండి తెప్పించుకొనవచ్చును, మంచివియు నుండును. అవైనను దేనికి బిగింపవలెను, ఏ వాలున నుంచవలెను అనునది మాత్రము పెట్టెలో రాదు.

మీట కుదిరినది. ఇప్పుడు అక్షరముల వంతు. ఇచ్చట మేము ఓడిపోయిన వృత్తాంతమును దాచక చెప్పెదము. కంప్యూటరులోని తెలుగు అక్షరముల పీఠమున అచ్చులు, గుణింతపు గుర్తులు ఎడమవైపునను, హల్లులు కుడివైపునను ఉండును. రెండుచేతులతో కొట్టువారికి అది యుచితమే. ఒక్క మోకాలితో నేరుకొనువానికి అది యడవి. మాధాపురమున సాఫ్ట్‌వేరు పనిలో నున్న మా పూర్వశిష్యుడొకడు ఆదివారములు వచ్చి, వేరుగా నొక తెర సిద్ధము చేసెను. అక్షరముల నే వరుసలో పెట్టవలెనని యతడు మమ్మడిగెను. సంస్కృతము చదివినవారము, వర్ణసమామ్నాయము మాకు దైవసమానము. క-వర్గము మొదలు ప-వర్గము వరకు ఐదు వరుసలు, వరుసకు ఐదు అక్షరములు. కంఠమునుండి పెదవులదాక ఇంత చక్కని పట్టిక ప్రపంచమున మరియొకటి కలదా యని యుపన్యసించి, అట్లే పెట్టించితిమి.

వరుసలు పైనుండి క్రిందికి ఒక్కొక్కటి వెలుగును. కావలసిన వరుస రాగానే మోకాలితో నొక్కవలెను. అప్పుడు ఆ వరుసలోని గడులు వెలుగును; మరల నొక్కవలెను. గడికి 2 సెకండులు. 'క'కు ఒక వరుస, ఒక గడి. 4 సెకండులలో వచ్చును. 'మ' ఐదవ వరుసలో ఐదవ గడి. 10 అడుగులు, 20 సెకండులు. అతడు మొదట వ్రాయబూనినది 'అమ్మ'. రెండు మకారములకే 40 సెకండులు పట్టెను. నడుమ వత్తుచేయు గుర్తునకు వేరుగా కాలము. శిశువు మొదట పలుకు మాట మా పట్టికలో అన్నిటికంటె ప్రియమైపోయినది! 'న'కారముగతియు నంతే, నాలుగవ వరుస, ఐదవ గడి. తెలుగువాక్యము 'న'కార 'మ'కారములు లేక ఎంతదూరము పోవును? పలికినను పలుకకున్నను 'ఙ', 'ఞ', 'ఝ'లు మాత్రము ముందువరుసలలో దర్జాగా కూర్చుండినవి.

నాల్గవనాడతడు మా వంక చూచి, 'మ' మీదనే దృష్టి నిలిపి, మరల పైవరుసవంక చూచెను. ఏమి కోరుచున్నాడో తెలిసినది. మేము ఒప్పుకొనలేదు. ఆ రాత్రి నిద్రపట్టక ఆలోచించితిమి. పాణిని తన వ్యాకరణమునకు స్వీకరించిన 14 మాహేశ్వరసూత్రములు బడిలో మేము వల్లెవేసిన వర్గక్రమమున నున్నవా? లేవు. అందు ఐదు అనునాసికములును ఒక్కచోట గూడియున్నవి. అంతస్థములు ముందే వచ్చినవి. హకారము రెండుమారులు వచ్చినది. ప్రత్యాహారములను క్లుప్తముగా గూర్చుకొనవలసిన యవసరమే యా క్రమమునకు హేతువు. పాణినికి పనికివచ్చిన స్వాతంత్ర్యము సైట్-3లోని పిల్లవానికి ఏల పనికిరాదు? మరునాడుదయమే శిష్యునకు ఫోను చేసితిమి. "నేను మొదటినుంచీ అదే అంటున్నాను కదా మాస్టారూ" అని వాడు నవ్వెను.

క్రొత్త తెరలో మొదటి వరుస న, మ, ర, ల. ఐదవ గడిలో ద్విత్వపు మీట. ముందు వచ్చిన హల్లును ఆ మీట జంట చేయును. అమ్మ, అన్న, అక్క, అవ్వ, చెల్లి, ఇల్లు, కన్ను, అన్నము - తెలుగు జంటహల్లులమీద నడచు భాష యని మాకింత గట్టిగా తెలిసినది అప్పుడే. ఇప్పుడు 'అమ్మ'లోని హల్లులకు 'మ'కు 6, ద్విత్వమునకు 12, మొత్తము 18 సెకండులు. సున్నకు రెండవ వరుస మొదట చోటిచ్చితిమి. మాట సగము వ్రాయగనే మిగత యూహించి చూపు పద్ధతి ఇంగ్లీషున బాగుగ సాగును. మన మాటకు విభక్తులు, ప్రత్యయములు తోకవలె తగులుకొనుచుండుటచే తెలుగున నది తరచు తడబడును. కావున కి, కు, లో, తో, ని, కోసము మొదలగువానిని ఒక వరుసగా విడిగా పెట్టించితిమి. విభక్తుల పట్టికను 33 సంవత్సరములు పిల్లలచేత వల్లెవేయించితిమి గాని, అది యొకనికి ఇంత సూటిగా నక్కరకు వచ్చుట ఇదియే మొదటిసారి. వ్రాసినదానిని బిగ్గరగా జదివి వినిపించు యంత్రస్వరము కూడ గలదు. ఆ స్వర మతనికి నచ్చలేదు, ఆపివేయించెను. మాకు నచ్చినది, కాని మాటలాడునది మేము కాదు.

మీకొక చరిత్ర చెప్పవలసియున్నది. జైపూరు కాలు పేరు వినని వారుండరు. 1968 ప్రాంతమున రామచంద్రశర్మ యను శిల్పియు, డాక్టరు పి.కె. సేఠీగారును గలసి దానిని రూపొందించిరి. విదేశీ నమూనా కాలు బూటులో దూర్చుకొనుటకే గాని, చెప్పులులేక నడచుటకు, బాసికపట్టు వేసికొని కూర్చుండుటకు, మడిలో దిగుటకు పనికిరాదు. మన దేశీయుల నడకను చూచి, రబ్బరుతో ఆ శిల్పి పాదమును పోతపోసెను. 1981లో ప్రమాదమున కాలు కోల్పోయిన సుధాచంద్రన్‌గారు ఆ కాలితోనే మరల నాట్యమాడిరి. ఆమె కథయే మన తెలుగున సింగీతము శ్రీనివాసరావుగారి దర్శకత్వమున 'మయూరి' చిత్రమైనది, ఆమెయే నటించిరి. డాక్టరుగారికి 1981లో మెగసేసే పురస్కారము లభించినది, న్యాయమే. శిల్పి పేరు మాత్రము మన పాఠ్యపుస్తకములకు చేరలేదు. పనివానికి పేరు రాకపోవుట మన కులమునకు క్రొత్తకాదు. ఐనను మన సభలోనైన నా పేరు వినబడవలెనని చెప్పితిమి.

చట్టము సంగతి క్లుప్తముగ ముగించెదము. వికలాంగుల హక్కుల చట్టము 2016లో వచ్చినది. 1995నాటి చట్టమున 7 తెగలుండగా ఇందు 21 తెగలు గుర్తింపబడినవి. 2024 నవంబరు 8న సుప్రీము కోర్టువారు, భవనములు మొదలగునవి వికలాంగులకు అనుకూలముగా నుండుటకు కనీసపు నిబంధనలు సలహాలుగా గాక తప్పనిసరిగా నుండవలెనని తీర్పు చెప్పిరి. ఆ తీర్పునకు ఆధారమైన నివేదికను సిద్ధపరచినది మన హైదరాబాదులోని నల్సారు న్యాయవిశ్వవిద్యాలయమందలి వైకల్య అధ్యయనకేంద్రము. అందరికిని సరిపడు కొలతల నన్వేషించుట యని దాని పేరునకు భావము. న్యాయశాస్త్రజ్ఞులు కొలత యను మాట పట్టుకొనిరి; కొలబద్ద పట్టిన మనము మాత్రము ఒకే కొలత బండ్లు 20 కొంటిమి.

పెద్ద కర్మాగారములను మేము తప్పుపట్టుట లేదు. కాన్పూరున 1972లో ప్రభుత్వమువారు స్థాపించిన కృత్రిమావయవముల సంస్థ దేశమున కెల్ల వస్తువులు పంపవలెను. వేలకొలది చేయువారు కొన్ని కొలతలకే కట్టుబడకతప్పదు. అట్లు వచ్చిన వస్తువునకును మనుష్యునకును నడుమ మిగిలిన చివరి యంగుళమును పూరించుట దగ్గరనున్న పనివాని వంతు. 2023 సెప్టెంబరులో ఆరంభమైన పి.ఎం. విశ్వకర్మ పథకమున 18 వృత్తులను పేర్కొనిరి. పనిముట్లకు 15,000 రూపాయలు ఇచ్చుచున్నారు. మనవారు పెక్కుమంది పొందిరి. ఆ పట్టికలో వికలాంగోపకరణముల పని యని వేరుగా నొక వృత్తి లేదు. కాని వడ్రంగము కలదు, కమ్మరము కలదు. 2023లోనే రాయదుర్గమున తెరువబడిన టీ-వర్క్స్‌లో 3డి ప్రింటర్లు, కోతయంత్రములు గలవు. బోరబండనుండి అది దూరము కాదు. మన యువకులు పోయి చూడదగిన చోటది.

పోషకవరులకు మా విన్నపమొక్కటి. ఈయేటి నిధితో మరల బండ్లు కొనుటకు ముందు, ఎవరికిచ్చుచున్నారో వారింటికి ఇద్దరు పోవలెను. వాకిలి వెడల్పు, వీధి వాలు, కూర్చున్నప్పటి నడుము, ఏ వ్రేలు కదలును, ఏ మోకాలు కదలును - ఇవి వ్రాసికొని రావలెను. ఏమి కావలెనో అతనినే యడుగవలెను, జవాబు వచ్చుటకు పావుగంట పట్టినను కూర్చుండవలెను. నిధిలో మూడవవంతు, ఇచ్చిన పిదప ఆరునెలలకు మరల చూచి సరిచేయుటకై వేరుగా నుంచవలెను. పిల్లలు పెరుగుదురు, స్పాంజి అరుగును, తీగ తెగును. వైద్యసహాయకులను సంప్రదింపక పీటలు చేయరాదు, మా పుండు కథ వింటిరి గదా. మరియు పనిచేసిన వడ్రంగికి కూలి యియ్యవలెను. పుణ్యకార్యమని పేరుపెట్టి పనివానిచేత ఉచితముగా పనిచేయించుట మన సంఘములకు నలవాటైన దోషము. 20 బండ్లకు బదులు 5 పీటలే కావచ్చును. ఛాయాచిత్రము చిన్నదగును.

ఆ యువకుడు తన మోకాలితో, తల్లి నూహింపనీయక, మూడు సాయంకాలములు కూర్చుండి ఈ సభకొక యుత్తరము వ్రాసినాడు. అక్షరము మార్చక చదువుచున్నాము: "బండి ఇచ్చినందుకు దండాలు. అది నాకు పనికిరాదు. మోతీనగర్ వైపు చదునులో ఒక పెద్దాయన ఉన్నాడు. కాళ్లు లేవు. చేతులు గట్టివి. ఆయనకు ఇవ్వండి. అమ్మ వడియాలకు వేరే పళ్లెం చూసుకుంటుంది."

బండిని క్రిందటి మంగళవారము ఆ పెద్దమనుష్యునకు జేర్చితిమి. మొదటి పీటను, చెడిపోయిన రెండు మీటలను, ఇప్పుడు వాడుచున్నదాని వంటి కొయ్యదొప్పను భోజనశాల ప్రక్కగదిలో బల్లపై నుంచితిమి. తండ్రి యచ్చటనే యుండును. సాయంకాలము 4 గంటలకు సెట్టుపనికి పోవలెనట. చూడగోరువారు భోజనమునకు ముందే చూడుడు. చేతితో తాకవచ్చును; గట్టిగా మాత్రము నొక్కవలదు, స్పాంజి యింకను ఆరలేదు.